నాలుగో అతుకు

వెల్డరు పూజలో తల వంచడం మానేసి మూడు వారాలైంది. ఫాదరుగారు అప్పాన్ని పైకెత్తగానే గుడిలో ఉన్న తలలన్నీ వాలిపోయేవి. అతనొక్కడే మెడ నిక్కించి పైకి చూస్తూ ఉండిపోయేవాడు. బలిపీఠానికి సరిగ్గా పైన, నాలుగు ఉక్కుతాళ్ళకు వేలాడే పెద్ద కొయ్యసిలువ వైపు. పెదవులు ఏదో గొణుగుతుండేవి, నుదుట చెమట పట్టేది.

"మీ ఆయనకి ఈమధ్య భక్తి బాగా ముదిరిందమ్మా. సిలువ మీంచి చూపు తిప్పడు" అంది పక్క బల్లలో కూర్చునే ముసలామె.

భార్య మురిసిపోయింది. పన్నెండేళ్ళ కాపురంలో ప్రసంగం మొదలైతే చాలు కునుకు తీసే మొగుడే ఆమెకు తెలుసు. మోచేత్తో పొడిచి లేపీ లేపీ ఆమె మోచెయ్యే అరిగిపోయింది. అలాంటివాడు కళ్ళార్పకుండా సిలువను చూస్తున్నాడంటే అది ఆ తండ్రి దయ కాక మరేమిటి అనుకుంది.

అతను గొణుగుతున్నది ప్రార్థన కాదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తాళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ గుడి ఏడాది కిందటి వరకు రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉండేది. బలిపీఠం ఆ చివరి గోడ దగ్గర, సిలువ గోడ మీద, మధ్యలో ఇనుప కటకటాలు. వెనక బల్లల్లో కూర్చున్నవాళ్ళకు ఫాదరుగారు బొమ్మంత కనిపించేవారు. కొత్తగా వచ్చిన ఫాదరుగారు మొదటి నెలలోనే టేపు పట్టుకుని గుడంతా కొలిచారు. "దేవుడు మనమధ్యకి వచ్చాడని రోజూ చెప్తాం. మరి ఆయన బల్లని గోడకి నొక్కిపెట్టామేంటి?" అన్నారు. కటకటాలు తీయించారు. బలిపీఠాన్ని రెండు మెట్ల వేదిక మీద ముందుకు జరిపించి, దానికి మూడు వైపులా బల్లలు వేయించారు. సత్ప్రసాదం దాచే మందసాన్ని కుడిపక్క చిన్న గూట్లో పెట్టి దానిముందు ఎర్రదీపం వెలిగించారు. జ్ఞానస్నానపు తొట్టిని ఓ మూల నుంచి గుమ్మం దగ్గరికి తెప్పించారు. లోపలికి అడుగుపెట్టే ప్రతివాడూ ఆ నీళ్ళను దాటుకునే రావాలని ఆయన పట్టుదల. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన గది ఒక్కటే పాతచోటే, ఎడమ వరుసలో, గాయకుల అటక కింద మిగిలింది.

గోడమీది సిలువను దించి బలిపీఠం పైన వేలాడదీశారు. ఆ పని వెల్డరుదే. నలుగురు మనుషులు మూలిగితే గాని లేవని కొయ్య అది. పైకప్పు ఇనుప దూలానికి నాలుగు చెవులు, అంటే తాడు దూర్చే కన్నాలున్న మందపాటి రేకుముక్కలు, వెల్డింగు చేసి అతికించారు. తాళ్ళు కట్టారు. తర్వాత వడ్రంగి వచ్చి దూలం కనబడకుండా కింద చెక్కపలకలు కప్పేశాడు. పైకెక్కడానికి కట్టిన సారువ కర్రలు విప్పేశారు. పని చూసినవాళ్ళంతా సిలువ ఆకాశంలోంచి దిగుతున్నట్టుందని మెచ్చుకున్నారు.

నాలుగు చెవుల్లో మొదటి మూడూ వెల్డరే అతికించాడు. ముందురోజు ముసుగు అద్దం పగిలి వెల్డింగు మెరుపు కొట్టడంతో ఆరోజు అతని కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉంది. మూడోది అయ్యేసరికి నీళ్ళు కారిపోయి ఇక లాభం లేదని దిగిపోయాడు. నాలుగోది భార్య తమ్ముడు, అతని బావమరిది అతికించాడు.

బావమరిదిని అందరూ గాలిపటం అంటారు. ఎంత ఎత్తయినా భయం లేదు, తాడూ నిచ్చెనా అందితే చాలు. ముప్ఫై ఏళ్ళొచ్చినా అక్కకు ఇంకా పసివాడే. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్ళు. అప్పట్నుంచి చంకనేసుకుని పెంచింది ఆమే. వాడిలో ఉన్న ఒకే ఒక్క లోటు తొందర. బావ గంట చేసే పని పావుగంటలో చేసి "ఇంకేంటి బావా" అని నిలబడతాడు.

మూడు వారాల కిందట, వాడు ఒంటిచేత్తో చేసిన ఒక గోదాము గేటు కీళ్ళ దగ్గర ఊడిపడింది. అదృష్టం బాగుండి అప్పుడు అక్కడ ఎవరూ లేరు. వెల్డరు ఊడిన ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. పైన అతుకు ముత్యాలు పేర్చినట్టుంది. తిప్పి చూస్తే లోపల ఇనుము కరగనే లేదు, రెండూ ఒకదాన్నొకటి తాకి ఊరుకున్నాయి, అంతే. అది చూస్తుండగానే అతని గుండె గుభేలుమంది. గేటు గురించి కాదు.

ఆ సాయంత్రమే షెడ్డులో బావమరిదిని అడిగాడు. "గుళ్ళో నాలుగో చెవి... కరెంటు ఎంత పెట్టావురా?"

"ఎప్పటిదో బావా. నాలుగు నెలలైంది. గుర్తుంటుందా?"

"అతుకు ఎన్ని వరసలు వేశావు?"

"మూడు. కాదు, రెండో మూడో." వాడు చేతిలో సుత్తి కింద పెట్టాడు. "గేటు ఊడిందని చెప్పి ఇప్పుడు నేను చేసిందంతా తవ్వుతావా? అడ్డంగా నాలుగు మాటలు అను, పడతాను. కానీ దేవుడి పనిలో కూడా నేను తొండి చేశానంటావా?"

"అనలేదురా."

"అనక్కర్లేదు. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

ఆ తర్వాత వాడు రెండు రోజులు షెడ్డుకి రాలేదు. మూడో రోజు భార్య కుట్టుమిషను ఆపి నిలదీసింది. "మా తమ్ముణ్ణి ఏమన్నావు?"

"ఏమీ అనలేదే."

"ఏమీ అనకపోతే వాడు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడెందుకు?"

ఆమె మిషను చుట్టూ తెల్లని గుడ్డలు గుట్టలుగా పడి ఉన్నాయి. అక్కణ్ణించి మూడో ఆదివారం పద్దెనిమిది మంది పిల్లలు తొలి సత్ప్రసాదం తీసుకోబోతున్నారు. అందులో వాళ్ళ కూతురు చిట్టి ఒకతి. ఆడపిల్లల గౌన్లన్నీ ఆమె చేతిమీదే తయారవుతున్నాయి. "ఈసారి పిల్లల్ని బల్లల్లో కూర్చోబెట్టరట. బలిపీఠం చుట్టూ అర్ధచంద్రంలా నిలబెడతారట. మన చిట్టి పొట్టిది కదా, సరిగ్గా నడిమధ్య, సిలువ కింద. ఫోటోలో ఎంత బాగా పడుతుందో!" అంది మళ్ళీ మిషను తొక్కుతూ.



అప్పటినుంచి మనసు మనసులో లేదు. మూడు చెవులు చాలవా అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. చాలొచ్చు. కానీ ఒకటి ఊడితే బరువు ఒక్కసారిగా పక్కకు ఒరుగుతుంది. ఆ కుదుపుకి మిగతావి ఏమవుతాయో ఎవడు చెప్పగలడు? ఒకరోజు ఎవరూ లేనప్పుడు గాయకుల అటకెక్కి టార్చి వేసి చూశాడు. చెక్కపలకలు తప్ప ఏమీ కనబడలేదు. సారువ వెయ్యాలంటే ఫాదరుగారికి చెప్పాలి. ఎందుకని ఆయన అడుగుతారు. గాలిపటం పేరు బయటికొస్తుంది. ఇంతకీ అతుకు గట్టిదే అయితే? కుర్రాడి పనిని ఊరంతా వేలెత్తి చూపించినవాడు తనే అవుతాడు. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరి మొహం చూడగలడు?

అలా అనుకుంటుండగానే సత్ప్రసాదానికి ముందురోజు, శనివారం, వచ్చిపడింది.

ఆ మధ్యాహ్నం, మర్నాడు వరసగా నడిచి రావడానికి పిల్లలకు సాధన పెట్టారు. దానికి ముందు తల్లిదండ్రులు పాపసంకీర్తన చేసుకోవాలన్నారు. వెల్డరు వరసలో చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చాక ఆ ఇరుకు గదిలో మోకరించి, జల్లెడలాంటి చెక్కతెర వెనక ఉన్న నీడకు అంతా చెప్పేశాడు. గేటు, నాలుగో చెవి, మూడు వారాలుగా నోరు నొక్కుకుని ఉండటం, అంతా. ఆగలేదు, ఊపిరి పీల్చుకోలేదు. చెప్పాక వీపు మీది బస్తా దించినట్టయింది. ఇక ఫాదరుగారే చూసుకుంటారులే అనుకున్నాడు.



"ఇది బయట ఎవరికైనా చెప్పావా?" అన్నారు ఫాదరుగారు తెర అవతల నుంచి.

"లేదు ఫాదర్. మీకే."

"నాకు చెప్పలేదు నాయనా. దేవుడికి చెప్పావు. ఇక్కడ విన్నది ఈ గది దాటి నాతో రాదు. రానివ్వకూడదు. ఈ తలుపు తీసుకుని బయటికెళ్ళాక నాకేమీ తెలియదు. తెలిసినట్టు నడుచుకునే హక్కు కూడా నాకు లేదు."

"అంటే... రేపు పిల్లలు అక్కడే..."

"రేపటి సంగతి నేను మాట్లాడలేను. ఒక్కమాట చెప్తాను విను. బయటికొచ్చి, వెలుతుర్లో, నా మొహం చూసి ఇదే మాట మళ్ళీ చెప్పు. అప్పుడు నా చేతులకి కట్లుండవు."

వెల్డరు మూడు వారాలుగా మోస్తున్నదాన్ని ఆయన భుజాల మీదా పెట్టేశాడు. పైగా ఆయన చేతులు కట్టేసి మరీ పెట్టాడు.

బయటికొచ్చాడు. ఇప్పుడే చెప్పేస్తానని నాలుగడుగులు వేశాడు. ఎదురుగా బల్లల చివర్లకు భార్యా, బావమరిదీ తెల్లరిబ్బన్లు కడుతున్నారు. చాలా రోజుల తర్వాత వాడు నవ్వుతున్నాడు. అక్క ఏదో అన్నట్టుంది, రిబ్బను ఆమె జడకు కట్టబోతున్నాడు. వెల్డరు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సాధన అయ్యాక చెబుదాం, ఫాదరుగారి గదిలో, తలుపేసుకుని, అనుకుని ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు.

పిల్లలకు సత్ప్రసాద పాఠాలు చెప్పే సిస్టరు చప్పట్లు కొట్టి వాళ్ళను వరసపెట్టింది. వేదిక మీద ఎవరెక్కడ నిలబడాలో ముందే సుద్దముక్కతో గుర్తులు గీసింది. పిల్లలు గుమ్మం దగ్గర తొట్టినీళ్ళల్లో వేళ్ళు ముంచి, నుదుట సిలువ గుర్తు వేసుకుని, మధ్యదారిలో జంటలు జంటలుగా నడిచొచ్చారు. చిట్టి తన గుర్తు మీద నిలబడింది. తండ్రిని చూసి, అప్పం తీసుకోవడం సాధన చేస్తున్నట్టు నాలుక బారెడు చాపి చూపించింది.

అప్పుడు ఫాదరుగారు వచ్చారు. పాపసంకీర్తన గదిలోంచి తిన్నగా నడిచొచ్చి, మెట్లెక్కి, బలిపీఠం వెనక నిలబడ్డారు. సిలువ పడితే పిల్లల కంటే ముందు ఆయన మీదే పడుతుంది. పైకి ఒక్కసారి కూడా చూడలేదు. పుస్తకం తెరిచి, మామూలు గొంతుతో, "పిల్లలూ, రేపు నేను ఈ మాట అన్నప్పుడు మీరేమనాలి?" అని అడిగారు. పుస్తకం పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అంత దూరం నుంచి కూడా వెల్డరుకు అవి కనిపించాయి. రోజూ చేతులతో పని చేసుకునేవాడికి మనిషి చేతులు చూస్తే చాలు తెలుస్తుంది.

చేతులు కట్టేసినా ఆయన తప్పుకోలేదు. కట్లు విప్పాల్సిన తను స్తంభం చాటున దాక్కున్నాడు.

"ఆపండి!" అన్నాడు వెల్డరు.

అంత గట్టిగా అరుస్తానని అతనే అనుకోలేదు. గుడి పైకప్పు ఆ కేకను తిరగ్గొట్టింది. అందరూ అటు తిరిగారు. అతను మధ్యదారిలోకి వచ్చాడు.

"ఫాదర్, పైన నేను చేసిన పనిమీద నాకు అనుమానంగా ఉంది. అతుకు ఒకటి సరిగ్గా పడిందో లేదో తెలీదు. పిల్లల్ని అక్కణ్ణించి తీసెయ్యండి. మీరూ దిగండి."

ఫాదరుగారు అతని మాట పూర్తయ్యేవరకు కూడా ఆగలేదు. "పిల్లలూ, పరుగెత్తకుండా, అందరూ తొట్టి దగ్గరికి. సిస్టర్, మీరు ముందు నడవండి." పద్దెనిమిది మందీ దిగేదాకా తను అక్కడే ఉండి, ఆఖరికి దిగారు. కింది మెట్టు మీద ఒక్కక్షణం కూలబడ్డారు.

గుడి అట్టుడికిపోయింది. "నాలుగు నెలల నించీ మమ్మల్ని దానికింద కూర్చోబెట్టి ఇప్పుడు చెప్తున్నావా?" అని ఒక బస్సు డ్రైవరు మీదమీదకి వచ్చాడు. ఎవరో అతన్ని వెనక్కి లాగారు. "తెలిసే ఊరుకున్నావా?" అంది ఇంకొకామె. వెల్డరు తల దించుకుని "అవునమ్మా, మూడు వారాలు ఊరుకున్నాను" అన్నాడు. దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు.

బావమరిది మాత్రం కదల్లేదు. చేతిలో రిబ్బను అలాగే ఉంది. జనం పలచబడ్డాకే, గుమ్మం బయట, మెట్ల మీద వెల్డరును పట్టుకున్నాడు.

"నా పేరు చెప్పలేదేం?"

"పని నాది. పేరూ నాదే."

"అంటే నాది చెడిందని నీ మనసులో ఖాయం చేసుకున్నావన్నమాట. దయచూపించి దాచావు." వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. "అక్కడ నలుగురిలో తిట్టినా బాగుండేది బావా."

ఈ మాట అక్క వింది. మొగుడి వైపు తిరిగి ఆమె చూసిన చూపుకి అతను చిట్టి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఇంటికెళ్ళే దారిపొడుగునా చిట్టి ఒక్కతే మాట్లాడింది. రేపు తన ఫోటో ఎక్కడ తీస్తారన్నది దాని దిగులు.

ఆదివారం పూజ ఆగలేదు. ఫాదరుగారు వేదిక చుట్టూ తాడు కట్టించి, ఒక మామూలు చెక్కబల్లను గుమ్మం దగ్గర, జ్ఞానస్నానపు తొట్టి పక్కన వేయించి దానిమీద తెల్లగుడ్డ పరిపించారు. గుడిలో బల్లలన్నీ వెనక్కి తిప్పించారు. దాంతో ఇన్నేళ్ళూ ఆలస్యంగా వచ్చి ఆఖరి వరసలో నక్కేవాళ్ళంతా ఫాదరుగారి ముక్కుకింద కూర్చోవాల్సి వచ్చింది. ముందువరసల పెద్దమనుషులు వెనకబడ్డారు. ఇది కాస్త నవ్వులు పూయించింది. కానీ వెల్డరు కూర్చున్న బల్లలో అతనికి ఇటూ అటూ రెండు చోట్లు ఖాళీగానే ఉండిపోయాయి. చిట్టి అప్పం తీసుకుని వస్తున్నప్పుడు కూడా అతని చెవులు వెనకే ఉన్నాయి, సిలువ వైపు, ఏ చిన్న కిర్రుమన్న చప్పుడుకైనా.

సోమవారం పొద్దున్నే సారువ లేచింది. వడ్రంగి పలకలు విప్పాడు. బావమరిది పిలవకుండానే వచ్చాడు. ఒక్కమాట కూడా మాట్లాడకుండా వెల్డరు కంటే ముందే పైకెక్కాడు. ముందు సిలువను గొలుసుకప్పీకి తగిలించి బరువంతా దానిమీదికి మార్చారు. తర్వాత రంగు గీకి, అతుకుల మీద ఎర్రమందు కొట్టి, కాసేపాగి తుడిచి, తెల్లపొడి చల్లారు. అతుకులో పగులు ఉంటే అందులో ఇంకిన ఎరుపు ఆ తెలుపు మీదికి గీతలా ఊరి వస్తుంది.

మొదట నాలుగో చెవి దగ్గరే కూర్చున్నారు ఇద్దరూ. ఒక నిమిషం. రెండు. అయిదు. తెలుపు తెల్లగానే ఉంది. సుత్తితో కొట్టి చూశాడు. గంటలా ఖంగుమంది.

"నే చెప్పలా" అనలేదు బావమరిది. వాడి చూపు పక్కకు పోయింది. వెల్డరూ అటు చూశాడు.

మూడో చెవి అంచు వెంబడి, తెల్లపొడి మీద, సూదితో గీరినట్టు సన్నని ఎర్రగీత లేచింది. వేలెడు పొడుగు. చూస్తుండగానే ఇంకొంచెం పాకింది.

మూడోది తను వేసింది. కళ్ళల్లో ఇసుకతో, నీళ్ళు కారుతుండగా, రెండు వరసల మధ్య పెంకులా పేరుకునే చిట్టెం దులిపానో లేదో చూసుకోకుండా వేసింది. మూడు వారాలు నిద్ర మానుకుని తను వాడి చేతిలో వెతికిన తప్పు తన చేతిలోనే ఉంది. అందరి ముందూ నా పనే అని చెప్పినప్పుడు, బావమరిదిని కాయడానికి పెద్దమనసుతో అబద్ధమాడుతున్నాననే అనుకున్నాడు. దాంట్లో అబద్ధమేమీ లేదు. అతనికి తల కొట్టేసినట్టయింది. సారువ కర్రను పట్టుకుని కూర్చుండిపోయాడు.

"గ్రైండరందుకో" అన్నాడు బావమరిది. అంతే. ఆ రోజంతా ఇంకో మాట లేదు. చెడిన అతుకు కోసి తీసేశారు. సిలువను కిందికి దించి గోడకు ఆనించారు.

సాయంత్రం భార్య మిషను దగ్గరే ఉంది. గుమ్మంలో నిలబడి వెల్డరు చెప్పాడు. "వాడిది గట్టిగా ఉంది. నాదే చెడింది."

ఆమె చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపింది. కోపపడుతుందనుకున్నాడు. పడలేదు. "వాడికి చెప్పావా?"

"పక్కనే ఉన్నాడుగా. చూశాడు."

"చూశాడు సరే. నువ్వు చెప్పావా?"

ఆ ఒక్కమాటకే అతను చెప్పులు తొడుక్కుని షెడ్డుకి నడిచాడు. బావమరిది ముసుగు అద్దం తుడుస్తున్నాడు.

"నిన్ను అనుమానించానురా" అన్నాడు వెల్డరు. "గేటు చూసి అనుమానించాను, అది వేరు. కానీ నన్ను నేను ఒక్కసారి కూడా అనుమానించుకోలేదు. ఆ తప్పు నాది."

బావమరిది కాసేపు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "నిజం చెప్పనా? నేనూ నిద్రపోలేదు. నువ్వు అడిగినప్పట్నించీ. ఎన్ని వరసలు వేశానో నాకు నిజంగానే గుర్తులేదు బావా. ఊడిపోతే నావల్లేనని రోజూ అనుకున్నా." ఆగి, ముక్కు తుడుచుకున్నాడు. "గేటు మాత్రం నాదే. అందులో ఇంకో మాట లేదు."

"ఈసారి నాలుగూ నువ్వెయ్యి. నేను పక్కన కూర్చుని వరసలు లెక్కపెడతాను."

"పక్కన కూర్చుంటే నా చెయ్యి వణుకుతుంది."

"వణకనీ. తొందర తగ్గుతుంది."

వాడికి నవ్వొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు. ఇంకా కోపం పూర్తిగా పోలేదు. అది పోవడానికి వారం పట్టిందో, నెల పట్టిందో. ఇంట్లో బావాబావమరుదుల మధ్య మాటలు ముందులా పారడానికి మాత్రం చాలా రోజులే పట్టింది.

సిలువ మూడు వారాల తర్వాత పైకెక్కింది. ఈసారి నాలుగు చెవులు కాదు, ఆరు. చెక్కపలకల్లో ఒకదానికి కీళ్ళు పెట్టి తలుపులా తెరుచుకునేలా చేయించారు ఫాదరుగారు, ఏడాదికోసారి పైకెక్కి చూసుకోవడానికి వీలుగా. బస్సు డ్రైవరు ఇప్పటికీ ఆ వేదిక దగ్గరి బల్లలో కూర్చోడు. వెల్డరు అతన్ని తప్పుపట్టడు. ఫాదరుగారు ఆ మధ్యాహ్నం చెక్కతెర వెనక విన్న సంగతి తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. వెల్డరు ఒకసారి కృతజ్ఞతలు చెప్పబోతే, "దేనికి?" అని అడిగారు. నిజంగానే తెలియనట్టు అడిగారు.

వెల్డరు పూజలో మళ్ళీ తల వంచుతున్నాడు. ప్రసంగం మొదలయ్యాక కునుకు మాత్రం ఇంకా పట్టడం లేదు. భార్య మోచెయ్యి సిద్ధంగానే పెట్టుకుని కూర్చుంటుంది.